డిసెంబరులో మీ డాబా మీద ఎండ ఎక్కడ పడుతుంది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. హొరమావులో మూడంతస్తుల ఇంట్లో పై వాటా మాది, డాబా కూడా మమ్మల్నే వాడుకోమన్నారు. గ్రో బ్యాగులు, కుండీలు కలిపి నలభై దాకా ఉన్నాయి. వానాకాలమంతా బాగా కాస్తాయి. పోయినేడు మాత్రం డిసెంబరు వచ్చేసరికి అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కరివేపాకు పసుపెక్కి రాలింది, నాలుగైదు మొక్కలు కుళ్లిపోయాయి. ఈసారి అక్టోబరు రాగానే గోంగూర జానెడు ఎత్తులోనే మొగ్గ వేసింది. న్యూజెర్సీలో ఉండే మా అక్క చలికాలం ముందే మొక్కలకి గుడ్డలు కప్పుతుంది, కుండీలు ఇంట్లోకి తెచ్చుకుంటుంది. ఆ వీడియోలు పంపించి నన్నూ అలాగే చెయ్యమంటోంది. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ ఆరు వేలు చూపిస్తోంది. మా అత్తగారేమో "కార్తీకంలో తులసికి రోజూ నీళ్లూ పాలూ పోసి దీపం పెట్టు, అన్నీ అవే బతుకుతాయి" అంటారు. గ్రీన్‌హౌస్ కొనమంటారా? ఈ చలికాలానికి తోటని ఎలా సిద్ధం చేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, హొరమావు

సమాధానం:

అమ్మా, ముందు ఆ ఆరు వేలు బీరువాలో పెట్టేసి తాళం వెయ్యండి.

మీ అక్కగారు చేసేది ఆవిడ ఊరికి సరైన పనే. అక్కడ రాత్రి సున్నా కిందికి పోతుంది. ఆకులో ఉన్న నీరు గడ్డకడుతుంది, తెల్లారి ఎండ తగిలేసరికి మొక్క ఉడికించిన బచ్చలికూరలా వేలాడుతుంది. గుడ్డ కప్పేది ఆ నీరు గడ్డకట్టకుండా. బెంగళూరులో లెక్క రాయడం మొదలుపెట్టాక అతి తక్కువ చలి 1884 జనవరి 13న పడింది, 7.8 డిగ్రీలు. అప్పుడు కూడా సున్నా దరిదాపులకి పోలేదు. మామూలుగా మన డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఎప్పుడో ఒక రాత్రి 12కి దిగుతుంది. దానికి మనం మంకీ క్యాపులు తీస్తాం గానీ వంకాయ మొక్కకేమీ కాదు.

నేను కూడా ఒక చలికాలం తెలివితక్కువగా టమాటాలకి ప్లాస్టిక్ కవరు గుడారంలా కట్టాను. రాత్రి పట్టిన తేమ లోపలే ఉండిపోయింది, పగలు ఎండకి ఉక్క. పది రోజుల్లో ఆకుల నిండా మచ్చలు. చలి చంపని మొక్కల్ని చేజేతులా నేనే చంపాను.

మరి పోయినేడు మీ తోట ఎందుకు ఆగిపోయింది? మీ ఉత్తరంలో రెండు చోట్ల జవాబు ఉంది. "ఎక్కడివక్కడ ఆగిపోయాయి" అన్నది ఎండ చాలక. "కుళ్లిపోయాయి" అన్నది నీళ్లు ఎక్కువై. మిగతావన్నీ వీటి తర్వాతే.

ఎండ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదికంటే కాస్త ఉత్తరానికే ఉంటాడు. అప్పుడు మీ డాబాకి దక్షిణం వైపున్న పిట్టగోడ నీడ మధ్యాహ్నం మీ మొక్కల మీద పడదు. డిసెంబరు వచ్చేసరికి ఆయన బాగా దక్షిణానికి వాలిపోతాడు. బెంగళూరులో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా ఎండ దాదాపు 54 డిగ్రీల ఏటవాలుగానే వస్తుంది. అంటే నాలుగడుగుల పిట్టగోడ తన వెనక మూడడుగుల మేర నీడ పరుస్తుంది. అదీ మధ్యాహ్నం. పొద్దున, సాయంత్రం నీడలు ఇంకా పొడుగు. మీ పక్కన దక్షిణం వైపు మీకంటే రెండంతస్తులు ఎత్తైన ఇల్లుంటే పదిహేను అడుగుల డాబా మధ్యాహ్నం కూడా నీడలోనే. హొరమావులో ఖాళీ స్థలం ఏటా ఒక అపార్ట్‌మెంటు అవుతోంది కాబట్టి, పోయినేడు ఎండ పడిన చోట ఈ ఏడు పడుతుందన్న నమ్మకం కూడా లేదు.

మనం మాత్రం ఏం చేస్తాం? కుండీలన్నీ పిట్టగోడ వెంబడి వరసగా పెడతాం, నడవడానికి మధ్యలో ఖాళీ కావాలని. వానాకాలంలో అది బాగానే ఉంటుంది. చలికాలంలో దక్షిణపు గోడ కింద ఉన్న వరస మొత్తం నీడలో కూర్చుంటుంది.

కాబట్టి ఈ నెలలో చేయాల్సిన మొదటి పనికి పైసా ఖర్చు లేదు. ఒక ఆదివారం సుద్దముక్క తీసుకుని డాబా ఎక్కండి. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడ అంచు ఎక్కడుందో నేల మీద గీతలు గీయండి. డిసెంబరు నెలాఖరుకి ఆ నీడ ఇంకా ముందుకు జరుగుతుంది కాబట్టి పన్నెండింటి గీతకి ఓ అడుగు కలుపుకోండి. ఆ గీతలకి బయట, రోజుకి కనీసం ఐదారు గంటలు ఎండ పడే చోటే మీ చలికాలం తోట. కాయగూరలన్నీ అక్కడికి, అంటే ఉత్తరపు పిట్టగోడ వైపుకి జరపండి. ఆ గోడ పగలు ఎండకి వేడెక్కి సాయంత్రం కొంచెం వెచ్చగా కూడా ఉంటుంది. నీడలోకి పోయే చోటు పుదీనాకి, మనీ ప్లాంటుకి, ఖాళీ కుండీలకి. ఇద్దరు కలిస్తే గంటన్నర పని. పెద్ద గ్రో బ్యాగుల్ని మాత్రం చెవులు పట్టుకుని లాగకండి, అడుగు చిరుగుతుంది. గోనెపట్టా మీదికెక్కించి పట్టాని లాగండి.

ఉత్తరం వైపు బాల్కనీ ఉన్న మన పాఠకులకి ఒక మాట. సెప్టెంబరు నెలాఖరు నుంచి మార్చి దాకా మీ బాల్కనీలో నేరుగా ఎండ పడదు. అందులో టమాటా పెట్టి, కాయలేదని విత్తనాన్ని తిట్టుకోకండి.

ఇప్పుడు మీ గోంగూర. ఇది ఇక్కడికి వచ్చిన ప్రతి తెలుగింటి బాధే. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో విత్తనాల కొట్టు అతన్ని అనుమానించాను, పాపం. గోంగూర మొక్క రోజు నిడివి చూసుకుని పూస్తుంది. జూన్‌లో మనకి పగలు దాదాపు 13 గంటలు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి డిసెంబరుకి పదకొండున్నర గంటల లోపుకి దిగుతుంది. పగలు తగ్గి రాత్రి పెరుగుతోందని తెలియగానే దాని ధ్యాస ఆకు మీద నుంచి గింజ మీదికి పోతుంది. జానెడు ఉన్నా సరే, మూరెడున్నా సరే. మీరు ఆగస్టులో వేసి ఉంటారు, పెరగడానికి దానికి టైమే దొరకలేదు. యూరియా వేసినా, మొగ్గలు గిల్లినా పెద్ద లాభం లేదు, పక్కన మళ్లీ మొగ్గే వస్తుంది. దానితో పోట్లాడకండి. బలంగా ఉన్న రెండు మొక్కలు గింజకి వదిలేసి మిగతావి పీకి వండేసుకుని, ఆ కుండీలు ఖాళీ చెయ్యండి. గోంగూర మళ్లీ ఫిబ్రవరి, మార్చిలో. ఈలోగా తినాలనిపిస్తే కొట్లో దొరుకుతుంది, కన్నడంలో 'పుండి' అని అడగండి.

బచ్చలి కూడా ఈ గుణం గలదే, ఇప్పుడు పూసి నల్ల పళ్లు కాస్తుంది. తోటకూర మందగిస్తుంది. అదే గుణం కొన్నిటికి మనకి లాభం. చామంతి, అనపకాయ, ఎర్రాకుల పాయిన్‌సెట్టియా ఇవన్నీ పొడుగు రాత్రుల కోసమే ఎదురుచూస్తాయి. జనవరిలో బెంగళూరు బజారంతా అవరెకాయి, అంటే మన అనపకాయ, వాసనతో నిండిపోయేది అందుకే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. డాబా మీద రాత్రంతా బల్బు వేసి ఉంచేవాళ్లున్నారు. వీధి దీపం సరిగ్గా కుండీల మీదే పడే ఇళ్లూ ఉన్నాయి. ఆ వెలుతురు వల్ల మొక్కకి రాత్రి అయినట్టు తెలియదు, పూత ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రాదు. దీపావళికి కట్టిన సీరియల్ బల్బుల్ని క్రిస్మస్ దాకా ఉంచేసి, "చామంతి మొగ్గ వెయ్యలేదు" అని ఒకావిడ నాకు ఫోన్ చేశారు. పిట్టగోడ చుట్టూ కట్టిన బల్బులు పండగ అవగానే తీసేయండి.

నీళ్ల విషయానికొస్తే, వేసవిలో రోజూ తాగిన కుండీ డిసెంబరులో రెండు మూడు రోజులకోసారి తాగితే ఎక్కువ. ఎండ తక్కువ, ఎదుగుదల తక్కువ. మనకేమో పొద్దున్నే పైపు పట్టుకోవడం అలవాటు. ఎదగని మొక్కకి రోజూ నీళ్లు పోస్తే మట్టిలో గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది. వేరు కుళ్లిన మొక్క వాడిపోయినట్టు కనిపిస్తుంది. అది చూసి దాహమేసిందేమోనని ఇంకో చెంబు పోస్తాం. మీ నాలుగైదు మొక్కలు పోయింది ఇలాగేనని నా అనుమానం. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, చల్లగా తడి తగిలితే ఆ రోజు వద్దు. డ్రిప్ పెట్టుకుని టైమర్ బిగించినవాళ్లు వేసవి సెట్టింగు మార్చడం మర్చిపోకండి. పోసేది పొద్దున్నే, మట్టికే. సాయంత్రం ఆకుల మీద చల్లితే రాత్రి మంచుకి తోడై తెగుళ్లని భోజనానికి పిలిచినట్టే.

దానికి ముందు ఇంకో చిక్కు ఉంది, మన అక్టోబరు వానలు. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరే ఎక్కువ వానలు పడే నెలలు. నవంబరులో చెన్నై దగ్గర వాయుగుండం పడిందంటే మనకి మూడు రోజులు ముసురు. అందుకని ఇప్పుడే కుండీలన్నీ ఒక్కొక్కటీ పక్కకి వంచి అడుగు కన్నాలు చూడండి. నాలుగు నెలల వానకి మట్టి దిగి, వేర్లు అల్లుకుని సగం కన్నాలు మూసుకుపోయి ఉంటాయి. ఇనుప చువ్వతో పొడిచి తెరవండి. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తితే నీరు నిలవదు, ఇంటి ఓనరుకి స్లాబు చెమ్మ గురించి మాట్లాడే అవకాశమూ ఉండదు. మీకు వచ్చేది బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో అయితే కుండీ అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది. ఆ ఉప్పుని కడగడానికి వాననీటిని మించింది లేదు. కన్నాలు బాగుంటే ఈ నెల వానకి అదే కిందికి పోతుంది. పైకి తేలినట్టు పేరుకున్న పొర ఉంటే చెంచాతో గీకి పారేయండి.

ఖాళీ అయిన కుండీల మట్టిని మళ్లీ వాడుకోవచ్చు. వేర్లు ఏరేసి, వాన లేని మూడు నాలుగు రోజులు ప్లాస్టిక్ పట్టా మీద పల్చగా ఆరబెట్టండి. తర్వాత మూడు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపి, కొంచెం తడిపి పది పదిహేను రోజులు అలా వదిలేసి అప్పుడు విత్తనం వెయ్యండి. క్యారెట్, ముల్లంగి వేసే కుండీలకి మాత్రం ఎరువు తక్కువ, అదీ పాతది. పచ్చి పేడ ఎరువు తగిలితే క్యారెట్ రెండు కాళ్లు చాచుకుని వస్తుంది. పిల్లలు నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ తొక్క తీయడం కష్టం.

ఇక ఏం వెయ్యాలి. తెనాలిలో మీ అమ్మగారు ఎంత కష్టపడినా సరిగా రానివి ఇక్కడ అలవోకగా వస్తాయి, ఆ అదృష్టాన్ని వాడుకోండి. సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం, పగలు 26, 27 డిగ్రీలు, రాత్రి 15. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, బఠాణీ, ఫ్రెంచ్ బీన్స్, నూల్‌కోల్, క్యాబేజీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీర అన్నిటికీ ఇదే కాలం. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు నెలాఖరులోపు వేసేయండి, డిసెంబరు చలిలో మొలక నెమ్మదిస్తుంది.

అన్నీ ఒకేసారి వద్దు. మొదటిసారి కాబట్టి ముల్లంగి, మెంతి, కొత్తిమీర, బీన్స్, క్యారెట్ చాలు. ముల్లంగి 45 రోజుల్లో చేతికొస్తుంది, అది మనసుకి బలం. మెంతులు పోపుల డబ్బాలోవే చల్లండి, నెలలోపు కోసుకోవచ్చు. ధనియాల్ని చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి చల్లండి. వేసవిలో ఇట్టే పూతకొచ్చి ఏడిపించే కొత్తిమీర ఇప్పుడు గుబురుగా వస్తుంది. క్యారెట్‌కి అడుగు లోతు కుండీ కావాలి, మొలకెత్తడానికి పది పదిహేను రోజులు పడుతుంది. అందాకా పైన తడి గోనెపట్టా కప్పి ఉంచి, మొలక కనిపించిన రోజే తీసేయండి. చలికాలంలో మన తోటలో ఏదైనా కప్పాలంటే అదొక్కటే. మొలిచాక మొక్కకీ మొక్కకీ రెండు అంగుళాలు ఉండేలా పీకేయాలి. చెయ్యి రాదు, నాకు తెలుసు. పీకకపోతే గడ్డ ఊరదు.

టమాటా నారు పోసుకోవడానికి కూడా మంచి సమయం. ఆకుముడత వైరస్‌ని మోసే తెల్లదోమ వేసవిలో ఉన్నంత ఉధృతంగా ఇప్పుడు ఉండదు. హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ రకం ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకుంటుంది. మీ ఊళ్లో తయారైన విత్తనమే కాబట్టి వాడి చూడండి. అది హైబ్రిడ్, కాబట్టి దాని కాయల గింజ దాచుకుని మళ్లీ వేస్తే అదే గుణం రాదు.

కరివేపాకు గురించి రాశారు. అది చలికి సగం నిద్రపోతుంది. కింది ముదురాకులు పసుపెక్కి రాలడం మామూలే, కొమ్మ గిల్లి చూస్తే లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. నీళ్లు బాగా తగ్గించి, బాగా ఎండ పడే చోటు దానికివ్వండి. ఎరువులు, కుండీ మార్చడాలు, కత్తిరింపులు ఫిబ్రవరి దాకా వద్దు. పులిసిన మజ్జిగ కూడా అప్పుడే. కొత్త చిగుళ్లే పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది వేరే సంగతి, ఇనుము అందడం లేదు. దానికి సూక్ష్మపోషకాల మందు పిచికారీ చేసుకోవాలి.

మల్లె ఉంటే దానికి ఇదే కత్తిరింపు కాలం. నవంబరు చివర్లో నీళ్లు బాగా తగ్గించి, పాత ఆకులు దూసి, సగానికి కత్తిరిస్తే మార్చి నుంచి మొగ్గలు. ఇంత అందమైన మొక్కని మోడు చేశారేమని మీ అత్తగారు అంటారు, ఓర్చుకోండి.

తెగుళ్లలో ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి రెండు. ఆకు మీద విభూతి చల్లినట్టు కనిపించే బూడిద తెగులు ఒకటి. బఠాణీ, బెండ, గులాబీ మీద చూస్తారు. ఒక పాలు పాలకి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి ఎండ వచ్చాక పిచికారీ చేస్తే మొదట్లో ఆగుతుంది. ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. రెండోది చిక్కుడు, అనప చివుళ్ల మీద నల్లగా గుంపులు కట్టే పేనుబంక. నీళ్ల పైపుతో గట్టిగా కొట్టండి, సగం పోతుంది. మిగతా దానికి వేపనూనె లీటరుకి 5 మి.లీ., నాలుగు చుక్కలు సబ్బు నీళ్లు. గంధకానికీ వేపనూనెకీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచండి, లేకపోతే ఆకులు మాడతాయి.

మీ అత్తగారి తులసి విషయం చివరికి వదిలేశాను, ఇంట్లో గొడవ పెట్టడం నాకిష్టం లేక. కార్తీకంలో తులసికి మూడు ఆపదలు. రోజూ పోసే నీళ్లు, నైవేద్యం పాలు, దీపంలోంచి ఒలికే నూనె. పాలు మట్టిలో పులిసి బూజు పడుతుంది, నూనె పొర కట్టి నీరు ఇంకనివ్వదు, పైన పసుపు కుంకాలు. దీపం వేడికి కింది కొమ్మలు మాడతాయి. పైగా తులసి చలికి తట్టుకోవడం తక్కువ, వెన్నులు ముదిరి గింజ కట్టాక ఆకు ఎలాగూ రాలుస్తుంది. నేను మా ఇంట్లో చేసేది చెప్తాను. దీపం కోటలో కాకుండా, ముందు ఒక ఇత్తడి పళ్లెంలో పెడతాం. పాలు ఉద్ధరిణెడు, అదీ క్షీరాబ్ది ద్వాదశి రోజునే. వెన్నులు ఎప్పటికప్పుడు తుంచి, ఆ గింజలు ఒక చిన్న కుండీలో చల్లి, వంటింటి కిటికీలో ఎండ తగిలే చోట పెడతాను. కోటలో మొక్క పోయినా సంక్రాంతికి పిల్ల మొక్క సిద్ధంగా ఉంటుంది. ఈ మాట మీరు చెప్పకండి, మీవారి చేత చెప్పించండి.

గింజకి వదిలిన ఆ రెండు గోంగూర మొక్కల్ని మర్చిపోకండి. కాయలు ఎండి పగలబోతున్నప్పుడు కోసి, గింజలు రాల్చి, పొడి సీసాలో కాస్త బూడిద కలిపి దాచండి. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుంది కదా, మర్నాడు ఆ సీసా తీయండి. మీది ఎర్ర గోంగూర అయితే, గింజ తీయగా మిగిలిన ఎర్రటి రేకులు పారేయకండి. కడిగి, పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి రోట్లో నూరితే ఆకు పచ్చడి కన్నా ఒక పిసరు పులుపు ఎక్కువే ఉంటుంది. ఉప్పు చూసి వేసుకోండి.